రవెన్నా ఉమ్మడి టికెట్టు: తల ఎత్తే ముందు నేల చూడండి

రవెన్నాలో అయిదు కట్టడాలకు కలిపి అమ్మే ఉమ్మడి టికెట్టు కొనడం దండగా కాదా అని ఇటలీ వెళ్లబోతున్న బంధువులు అడుగుతున్నారు. దండగ కాదు. అక్కడి మామూలు హోటల్లో ఒక పూట భోజనానికి అయ్యేంత డబ్బుకు, పదిహేను వందల ఏళ్ల నాటి మొజాయిక్‌లను, అంటే చిన్న చిన్న గాజుముక్కలు గుచ్చి చేసిన చిత్రాలను, అవి అతికించిన గోడల మీదే, కదలకుండా ఉన్నచోటే చూడగలగడం మామూలు విషయం కాదు. అయితే ఆ టికెట్టుకు ఒక లోటు ఉంది. అయిదు చోట్లా మన తల పైకెత్తించి, మెడ నొప్పి పుట్టించి పంపిస్తుంది. కాళ్ల కింద ఏముందో చెప్పదు. రవెన్నా కథలో సగం కాళ్ల కిందే ఉంది.

నేను రోడ్లు భవనాల శాఖలో ఇంజనీరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. పుట్టింది పశ్చిమ గోదావరి డెల్టాలో, ఉద్యోగం చాలావరకు ఆ చుట్టుపక్కలే. నల్లమట్టి, కాస్త తవ్వితే ఊరే నీళ్లు, ఏడాది తిరిగేసరికి ఓ మూల దిగబడే గోడలు, వీటితోనే నా జీవితం గడిచింది. అందుకని ఏ కట్టడం దగ్గరికి వెళ్లినా చూపు ముందు పునాది వైపు పోతుంది. మా అమ్మాయి బొలోన్యాలో ఉద్యోగం చేస్తోంది. అక్కడినుంచి రవెన్నాకు రైల్లో గంటా గంటన్నర. "నాన్నా, అక్కడ చూడాల్సింది మొజాయిక్‌లు, పగుళ్లు కాదు" అని రైలెక్కకముందే హెచ్చరించింది. మా ఆవిడ మొదటి చర్చిలోనే, "ఏమండీ, ఇంత దూరం వచ్చి నేల చూస్తారేమిటి?" అంది. ఈ సమీక్ష వాళ్లిద్దరికీ నేను అప్పుడు చెప్పలేకపోయిన జవాబు అనుకోవచ్చు.

రవెన్నా పో నది డెల్టాకు దక్షిణాన, ఏడ్రియాటిక్ సముద్రానికి దగ్గరగా, చిత్తడి నేలల మధ్య పుట్టిన ఊరు. ఆ చిత్తడే దానికి అదృష్టం తెచ్చింది. 402లో పశ్చిమ రోమన్ చక్రవర్తి హొనోరియస్, గోతులు (గోత్‌లు) అనే జర్మానిక్ తెగ దాడులకు భయపడి రాజధానిని మిలాన్ నుంచి ఇక్కడికి మార్చాడు. బురదలో దిగబడుతూ ఏ సైన్యమూ రాలేదని అతని లెక్క. తరువాత 493లో గోతుల రాజు థియోడోరిక్ ఊరిని దక్కించుకున్నాడు. 540లో కాన్‌స్టాంటినోపుల్ నుంచి వచ్చిన బెలిసారియస్ సైన్యం దాన్ని బైజాంటైన్ సామ్రాజ్యంలో, అంటే తూర్పు రోమన్ సామ్రాజ్యంలో కలిపింది. 751లో లొంబార్డులు అనే మరో జర్మానిక్ తెగ వచ్చింది, ఆపైన ఊరు పెద్దగా ఎవరికీ పట్టలేదు. ఎవరికీ పట్టకపోవడం వల్లే ఇవన్నీ మిగిలాయని నా అభిప్రాయం. డబ్బూ హోదా ఉన్న ఊళ్లలో పాతవి పడగొట్టి కొత్తవి కడతారు. ఇక్కడ ఆ హడావుడి తక్కువ. ఇక్కడి ఎనిమిది కట్టడాలను 1996లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

టికెట్టు సంగతి చెబుతాను. ఇందులో వచ్చేవి సాన్ వితాలే చర్చి, దాని ఆవరణలోనే ఉన్న గల్లా ప్లాచీదియా సమాధి మందిరం, పెద్ద చర్చి పక్కనున్న నెయోనే జ్ఞానస్నాన (బాప్తిస్మం) మందిరం, దానికి ఆనుకొని ఉన్న ఆర్చిబిషప్పు మ్యూజియం, స్టేషనుకు దగ్గరలో ఉన్న సాంత్ అపొల్లినారే నువోవో చర్చి. ఒక్కో చోటికి ఒక్కసారే ప్రవేశం. గల్లా ప్లాచీదియాకూ జ్ఞానస్నాన మందిరానికీ మాత్రం వేళ ముందే ఎంచుకోవాలి, కాబట్టి మిగతా రోజంతా ఆ రెండు వేళల చుట్టూ తిరుగుతుంది. ధరలూ వేళలూ మారుతుంటాయి, కొనే రోజున చూసుకోండి. అన్నీ నడిచి వెళ్లగలిగే దూరంలోనే ఉన్నాయి, ఊరు బల్లపరుపుగా ఉంటుంది. అరవై దాటినవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

మొదట సాన్ వితాలే. బయటినుంచి చూస్తే ఏమీ ఉండదు. సన్నటి పలచని ఇటుకలు, మధ్య మందంగా సున్నం, ఎనిమిది పలకల గోడ, పైన పెంకుల కప్పు. మా ఆవిడ "ఇదేనా?" అంది. ఆ ఇటుకల దగ్గర ఒక్క నిమిషం ఆగండి. పొడుగ్గా, పలచగా ఉంటాయి. ఇటుక మందమెంతో మధ్యలో సున్నం దాదాపు అంత. అంత సున్నం ఉన్న గోడ గట్టిపడేలోగా కాస్త అటూ ఇటూ సర్దుకోగలదు. దిగబడే నేల మీద గోడ కట్టేవాడికి ఈ సర్దుబాటు వరం. 526 ప్రాంతంలో, గోతుల పాలనలోనే, ఎక్లేసియస్ అనే బిషప్పు ఈ పని మొదలుపెట్టాడు. 547లో మాక్సిమియాన్ అనే బిషప్పు ప్రతిష్ఠ చేశాడు. ఖర్చు పెట్టింది జూలియానస్ అనే షాహుకారు. 26,000 బంగారు నాణేలు అయ్యాయని ఊరి పాత చరిత్రకారుడి లెక్క. మన శాఖలో ఇంత పాత పనికి ఎస్టిమేటు దొరికితే గుండెలకు హత్తుకుంటాం.

లోపలికి వెళితే గుమ్మటం కింద నిలబడతాం. పైన కనిపించేవి పద్దెనిమిదో శతాబ్దపు రంగుల చిత్రాలు. మేఘాలు, దేవదూతలు, గులాబీ రంగు. పక్కనున్న ఆరో శతాబ్దపు మొజాయిక్‌లతో అవి అస్సలు పొసగవు, నాకు కంటికి నలుసులా అనిపించాయి. ఆ రంగుల వెనక ఉన్నదే అసలు గొప్పతనం, అది కంటికి కనిపించదు. దాదాపు 16 మీటర్ల వెడల్పున్న ఆ గుమ్మటాన్ని ఇటుకతో కాదు, కాల్చిన మట్టి గొట్టాలతో కట్టారు. జానెడు పొడవున్న బోలు గొట్టాలు, ఒకదాని సన్నటి కొన రెండోదాని మూతిలో దూరేలా చేసి, వరుస మీద వరుస చుట్టుకుంటూ పైకి పోయారు. మట్టి కంటే గాలే ఎక్కువ ఉన్న కప్పు అది. బరువు తక్కువైతే గోడల మీద తోపు తక్కువ, పునాది మీద భారం తక్కువ. ఆరున్నర శతాబ్దాల తరువాత, 1213 నాటికి, మన ములుగు జిల్లా పాలంపేటలో రామప్ప గుడి కట్టినవాళ్లు శిఖరానికి నీటిలో తేలే ఇటుకలు వాడారు, పునాదిలో ఇసుక నింపారు. వీళ్ల సంగతి వాళ్లకు తెలిసే అవకాశమే లేదు. నేల మెత్తనైనప్పుడు బుర్ర ఉన్న మేస్త్రీలు ఎక్కడైనా అదే దారికి వస్తారు. ఈ మాట అమ్మాయికి చెబితే, "నాన్నా, ముందు జస్టీనియన్‌ను చూడు" అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది.

చూశాను. గర్భగుడి వంటి ఆ అర్ధచంద్రాకార గోడకు ఎడమ పక్కన ఆనాటి బైజాంటైన్ చక్రవర్తి జస్టీనియన్, కుడి పక్కన రాణి థియోడోరా. ఆయన చేతిలో బంగారు పళ్లెం, ఆమె చేతిలో రత్నాల పాత్ర. ఇద్దరూ రవెన్నాలో ఎన్నడూ కాలు పెట్టలేదు. ఊళ్లో ఉన్న బిషప్పు మాక్సిమియాన్ మాత్రం చక్రవర్తి పక్కనే నిలబడి, తలపైన తన పేరు పెద్ద అక్షరాలతో రాయించుకున్నాడు. ఆ గుంపులో పేరు రాసి ఉన్నది ఆయనకొక్కడికే. శిలాఫలకం మీద ఎవరి పేరు ఎంత పెద్దగా ఉండాలన్న తగవు మనకు కొత్త కాదు కదా. థియోడోరా ఊదారంగు వస్త్రం అంచు గమనించండి. అందులో బాల యేసుకు కానుకలు పట్టుకుని వెళుతున్న ముగ్గురు జ్ఞానులు బంగారు పోగుల కుట్టుపనిలా కనిపిస్తారు. బొమ్మలో బొమ్మ. చీర అంచు చూసే అలవాటున్న మా ఆవిడ దాన్ని ముందు కనిపెట్టింది.

ఈ మొజాయిక్‌లు పనిచేసే తీరు కాస్త చెప్పాలి. బంగారు ముక్క అంటే గాజు మీద పలుచటి బంగారు రేకు పరచి, దానిపైన మళ్లీ సన్నటి గాజుపొర వేసి కాల్చి ముక్కలు చేసినది. ఆ ముక్కలను తడి సున్నంలో చదునుగా కాకుండా కొంచెం వంపుగా, ఒక్కోటి ఒక్కో కోణంలో గుచ్చారు. మనం రెండడుగులు పక్కకు జరిగితే వెలుగు ఒక ముక్కనుంచి ఇంకో ముక్కకు పోతుంది. చదునుగా వేసి ఉంటే అద్దంలా ఒకచోటే మెరిసి మిగతాదంతా చీకటిగా ఉండేది. ఫోటోలో ఈ సంగతి రాదు. ఫోటోలు తీయడం మానేసి అటూ ఇటూ నడవండి.

ఇక సాన్ వితాలే నేల. బలిపీఠం ముందు పాలరాతి నేల మీద వలయాల చిక్కుదారి ఒకటి ఉంది. జనం దాన్ని తొక్కుకుంటూ పైకి చూస్తూ పోతుంటారు. ఆ దారిని చూపే చిన్న త్రికోణాలు మధ్యనుంచి బయటికి దారి తీస్తాయి. శతాబ్దాల పొడవునా ఇక్కడి నేలలను ఎత్తు పెంచుతూ వచ్చారు. కట్టడం దిగబడింది, చుట్టూ ఒండ్రు పేరుకుంది, భూగర్భ జలం పైకి వచ్చింది. పాత స్తంభాల పాదాలు నేలలో మునిగి కొన్నిచోట్ల గుంట తవ్వి చూపిస్తారు. అంటే మనం చూస్తున్న చర్చి కట్టినవాడు అనుకున్న ఎత్తులో లేదు.

గల్లా ప్లాచీదియా మందిరంలో ఈ సంగతి ఇంకా స్పష్టం. శిలువ ఆకారంలో చిన్న ఇటుక కట్టడం. పొట్టిగా, భుజాలు ముడుచుకున్నట్టు ఉంటుంది. కట్టినప్పుడు అది అంత పొట్టి కాదు. చుట్టూ నేల దాదాపు మీటరున్నర పెరిగి దాన్ని మింగింది. లోపలికి వెళ్లేసరికి కళ్లు చీకటికి అలవాటు పడడానికే ఒక నిమిషం పోతుంది. రద్దీ రోజుల్లో లోపల అయిదు నిమిషాలే అంటారు, మన ఊపిరిలోని చెమ్మ గోడలకు పట్టకుండా. న్యాయమైన నియమమే. కాబట్టి ఆ కాస్త సమయాన్ని ఇలా వాడుకోండి. అడుగు పెట్టగానే మధ్యకు వెళ్లకుండా తలుపు పక్కన గోడవైపు తిరిగి ఒక నిమిషం నిలబడండి, కళ్లు సర్దుకుంటాయి. అప్పుడు పైకి చూడండి. ముదురు నీలి కప్పు మీద వలయాలు వలయాలుగా బంగారు నక్షత్రాలు, నడిమధ్యన శిలువ. కిటికీలకు గాజు బదులు పలచటి అలబాస్టర్ రాతి పలకలు ఉన్నాయి, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పెట్టినవి. వాటిగుండా వచ్చే పసుపు వెలుగే ఆ నీలానికి ప్రాణం.

తలుపుకు ఎదురుగా ఉన్న అర్ధవలయంలో మంట మీద ఇనుప జల్లెడమంచం, దానివైపు భుజాన శిలువతో పరుగున వస్తున్న మనిషి. అలాంటి మంచం మీదే కాల్చి చంపిన సెయింట్ లారెన్స్ అంటారు. నేను ఆగిపోయింది ఆ బొమ్మకు ఎడమ వైపున్న అల్మరా దగ్గర. తలుపులు తెరిచిన చెక్క అల్మరా, రెండు అరలు, వాటిలో పడుకోబెట్టిన నాలుగు పుస్తకాలు, ఒక్కోదాని మీద సువార్త రాసినవారి పేరు. అయిదో శతాబ్దంలో పుస్తకాలను ఎలా సర్దేవారో కళ్లకు కట్టే బొమ్మ. ఇంతకీ గల్లా ప్లాచీదియా ఇక్కడ లేదు. థియోడోసియస్ చక్రవర్తి కూతురు, 410లో రోమ్‌ను దోచిన గోతులకు చిక్కి వాళ్ల రాజునే పెళ్లాడింది, తరువాత రోమన్ సేనాపతికి భార్య, చివరికి చిన్న కొడుకు తరఫున సామ్రాజ్యాన్ని ఏలిన తల్లి. 450లో రోమ్‌లో చనిపోయింది. అక్కడే పూడ్చారని చరిత్రకారులు అంటారు. లోపల మూడు రాతి శవపేటికలు మాత్రం ఉన్నాయి.

నెయోనే జ్ఞానస్నాన మందిరంలో మన కాలి కింది నేల అసలు నేల కంటే దాదాపు మూడు మీటర్లు పైన ఉంది. ఒక అంతస్తు ఎత్తు! గుమ్మటం మధ్యలో యోర్దాను నదిలో నిలబడిన క్రీస్తు, పక్కన రెల్లు పట్టుకుని తడి గడ్డంతో ఒక ముసలివాడు. ఆ ముసలివాడే నది. నదికి మనిషి రూపమిచ్చే పద్ధతి రోమన్లది, క్రైస్తవ చిత్రంలోకీ అలాగే వచ్చేసింది. చుట్టూ పన్నెండుమంది శిష్యులు అడుగులు వేస్తూ తిరుగుతున్నట్టు ఉంటారు. నడిమధ్యలో కొంత భాగం పంతొమ్మిదో శతాబ్దపు మరమ్మతు, బైనాక్యులర్‌తో చూస్తే ఆ ముక్కల కూర్పు తేడాగా ఉందని తెలుస్తుంది. ఈ గుమ్మటం కూడా మట్టి గొట్టాలదే.

పక్కనే ఉన్న ఆర్చిబిషప్పు మ్యూజియంలో రెండే చూడండి: మాక్సిమియాన్ దంతపు సింహాసనం, క్రీస్తు సైనికుడి దుస్తుల్లో సింహాన్నీ పామునూ తొక్కుతున్న చిన్న ప్రార్థనా గది. మిగతాది త్వరగా దాటేయొచ్చు.

టికెట్టులో నాకు అన్నిటికంటే నచ్చింది సాంత్ అపొల్లినారే నువోవో. థియోడోరిక్ తన రాజప్రాసాదం పక్కన కట్టించుకున్న చర్చి. అతను ఏరియన్ క్రైస్తవుడు. క్రీస్తు దేవుడితో సమానం కాదని చెప్పే శాఖ అది. 540 తరువాత వచ్చిన బైజాంటైన్ ప్రభువులకు ఆ శాఖ కిట్టదు. అందుకని గోడ మీది బొమ్మల్లో థియోడోరిక్‌నూ అతని కొలువునూ తీసేశారు. ప్రాసాదం బొమ్మలో స్తంభాల మధ్య మనుషులు ఉండాల్సిన చోట ఇప్పుడు తెల్లటి తెరలు వేలాడుతుంటాయి. ఆ స్తంభాలను జాగ్రత్తగా చూడండి. మూడో నాలుగో స్తంభాల మీద మణికట్టు దాకా చేతులు మిగిలిపోయాయి. మనిషి పోయాడు, స్తంభం మీద పడిన చెయ్యి మాత్రం ఉంది. పనివాడు స్తంభం ముక్కలు పీకడానికి బద్ధకించాడో, కావాలనే ఉంచాడో మీరే ఊహించుకోండి. ఆ పక్కన ఎడమ గోడ నిండా 22 మంది కన్యలు, కుడి గోడ నిండా 26 మంది హతసాక్షులు (మతం కోసం ప్రాణాలిచ్చినవాళ్లు), వరుసగా బలిపీఠం వైపు నడుస్తుంటారు.

ఇక ఇంజనీరు మాట. ఈ చర్చి దిగబడి, నేల తడిసి ముద్దవుతుంటే పదహారో శతాబ్దంలో నేలను ఎత్తు పెంచారు. దాంతోపాటు ఇరువైపులా ఉన్న పాలరాతి స్తంభాలను, వాటిమీది కమానులతో సహా మీటరుకు పైగా పైకి లేపారు. పైగోడ మీదున్న మొజాయిక్‌లు కదల్లేదు. లేపిన మేరకు కమానులకూ మొజాయిక్‌లకూ మధ్య ఉన్న పట్టీ మాత్రం బలైపోయింది. భీమవరం వైపు రోడ్డు ఎత్తు పెరిగి ఇల్లు పల్లమైతే జాకీలు పెట్టి ఇంటిని లేపడం ఇప్పుడు మామూలే. వందల జాకీలు, ఇనుప దూలాలు, పక్కన నిలబడి ప్రతి జాకీ కొలత అరిచే మనిషి ఉంటేనే మనకు చేతులు వణుకుతాయి. వీళ్లు పై గోడను అలాగే నిలబెట్టి కింది వరుసను మార్చారు. నేను ఆ స్తంభాల దగ్గర ఉన్నంతసేపు మా వాళ్లు బయట బెంచీ మీద కూర్చున్నారు, అందుకు వాళ్లకు ధన్యవాదాలు. 1916లో ఆస్ట్రియా విమానాల బాంబు ఈ చర్చి మీద పడి కొంత భాగం దెబ్బతింది కూడా. ఇన్ని తట్టుకుని నిలిచింది.

ఆ రోజు మేము డబ్బిచ్చి తీసుకున్న ఫోను ఆడియో గైడు గురించి ఒక్క మాట. కంపెనీ పేరు అనవసరం. ప్రతి చోటా "అద్భుతం, అమోఘం" తప్ప ఆ ఆడగొంతు చెప్పింది తక్కువ. జస్టీనియన్ దగ్గర నిలబడితే థియోడోరా గురించి చెప్పింది. మందపాటి గోడల మధ్య రెండుసార్లు ఆగిపోయింది. ఆ డబ్బుతో చిన్న బైనాక్యులర్ కొనుక్కుని వెళ్లండి, ముక్కముక్కనూ విడివిడిగా చూడగలుగుతారు.

టికెట్టులో లేనివి ఇప్పుడు. చాలామంది వీటిని వదిలేసి సాయంత్రం రైలెక్కుతారు. అది తప్పు.

మొదటిది సాన్ ఫ్రాన్చెస్కో చర్చి. 1321లో రవెన్నాలో చనిపోయిన కవి దాంతే అంత్యక్రియలు జరిగింది ఇక్కడే. ఆయన సమాధి పక్క వీధిలోనే ఉంది, దానికి టికెట్టు లేదు. ఆయనను వెళ్లగొట్టిన ఫ్లోరెన్సు నగరమే ఇప్పుడు ఏటా సెప్టెంబరులో ఆ సమాధి దీపానికి నూనె పంపుతుంది. చర్చిలోకి వెళ్లి బలిపీఠం కింద ఉన్న చిన్న కిటికీలోంచి వంగి చూడండి. నాణెం వేస్తే దీపం వెలుగుతుంది. కింద స్తంభాల గది, నేలంతా నీళ్లు, నీళ్ల అడుగున మొజాయిక్ నేల, పైన ఈదుతున్న బంగారు చేపలు. ఎవరో అలంకారానికి చేసిన ఏర్పాటు కాదు. భూగర్భ జలం అంత ఎత్తున ఉందని చూపే గది అది. ఊరి కింద ఏముందో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. మనం సైటులో గొట్టం దించి నీటిమట్టం కొలుస్తాం, ఇక్కడ చేపలు ఈదుతూ చూపిస్తున్నాయి. ఈ నేల సహజంగానే ఏటా కొంచెం దిగుతుంది. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో ఫ్యాక్టరీలకు భూగర్భ జలాన్నీ, కింది పొరల గ్యాసునూ విపరీతంగా తోడడంతో పారిశ్రామిక ప్రాంతంలో నేల మీటరుకు పైగా కుంగింది. తోడడాన్ని కట్టడి చేశాక వేగం తగ్గింది. మన దగ్గర ఆక్వా చెరువులకూ గ్యాసు బావులకూ మధ్య బతుకుతున్నవాళ్లు ఈ మాటను రెండుసార్లు చదవాలి.

రెండోది రాతి తివాచీల ఇల్లు అని పిలిచే చోటు. 1993లో భూగర్భ గ్యారేజీ కోసం తవ్వుతుంటే మూడు మీటర్ల లోతున ఆరో శతాబ్దపు ఇల్లొకటి బయటపడింది. గదికో మొజాయిక్ నేల. సాంత్ ఎవుఫెమియా అనే చిన్న చర్చిలోంచి మెట్లు దిగి వెళ్లాలి, వేరే టికెట్టు. ఇక్కడ తల ఎత్తే పనే లేదు. మా ఆవిడకు ఊళ్లో ఇదే అన్నిటికంటే నచ్చింది, దాని గురించి నేను ఏమీ అనలేదు.

మూడోది థియోడోరిక్ సమాధి. స్టేషనుకు అవతలి వైపు కొంచెం నడవాలి, టికెట్టు వేరు. ఇక్కడ మొజాయిక్‌లు లేవు, జనమూ తక్కువ. 520 ప్రాంతంలో, రవెన్నా అంతా ఇటుకతో కడుతున్న రోజుల్లో, ఈయన మాత్రం సముద్రం అవతల ఇస్ట్రియా నుంచి తెల్లరాయి తెప్పించాడు. పది పలకల గోడ, సున్నం లేకుండా పేర్చిన రాళ్లు. కింది అంతస్తు కమానుల రాళ్లను మెట్లు మెట్లుగా కోసి ఒకదానిలో ఇంకోటి ఇరికించారు. వేలు పెట్టి కీలు వెంబడి పోతే తెలుస్తుంది. పైకప్పు ఒకే రాయి. దాదాపు పదకొండు మీటర్ల వెడల్పు, బరువు 230 టన్నులని కొందరు, 300 అని కొందరు అంటారు. చుట్టూ పన్నెండు చెవుల్లాంటి రాతి పట్లు, వాటి మీద అపొస్తలుల (క్రీస్తు ముఖ్య శిష్యుల), సువార్తలు రాసినవారి పేర్లు. తాళ్లు కట్టి లేపడానికే అవి ఉంచారని చాలామంది చెబుతారు. నాకు నమ్మకం కుదరదు. అంత బరువు ఆ పట్ల మెడల మీద పడితే అవే ముందు విరుగుతాయి. మట్టి వాలు పోసి మెల్లగా లాగి ఉంటారన్నది నా పందెం. రాయికి ఒక పెద్ద పగులు ఉంది. పిడుగు పడి చస్తాడని చెబితే రాజు ఇందులో దాక్కున్నాడని, పిడుగు రాయిని చీల్చుకుని వచ్చిందని ఊరి కథ. కూర్చోబెట్టేటప్పుడు ఓ వైపు జారి ఉంటుందని నాలాంటివాళ్ల కథ.

క్లాస్సేలోని సాంత్ అపొల్లినారే చర్చి ఊరికి దక్షిణాన కొన్ని కిలోమీటర్ల దూరంలో పొలాల మధ్య ఉంది. ఒకప్పుడు అగస్టస్ నౌకాదళపు రేవు అక్కడ ఉండేది. ఒండ్రు పూడిపోయి ఇప్పుడు సముద్రం చాలా దూరం పోయింది. 549లో ప్రతిష్ఠ జరిగిన ఈ చర్చిలో రెండు వరుసలుగా 24 పాలరాతి స్తంభాలు, అర్ధగుమ్మటంలో పచ్చటి మైదానం, గొర్రెలు, నీలి వలయంలో 99 నక్షత్రాల మధ్య శిలువ. ఆ పచ్చదనం ఊళ్లోని బంగారం కంటే నాకు ఎక్కువ నచ్చింది. గోడలకు ఉన్న పాలరాతి తాపడాన్ని పదిహేనో శతాబ్దంలో రిమినీ ప్రభువు మలటేస్టా తన కట్టడం కోసం ఊడదీయించి పట్టుకుపోయాడు. అందుకే కింది గోడలు ఒట్టి ఇటుకలు. రవెన్నా నుంచి క్లాస్సేకు సిటీ బస్సు ఉంది, రైలైతే ఒక్క స్టేషనే. ఆదివారం రెండూ పలుచబడతాయి కాబట్టి తిరుగు ప్రయాణం వేళ ముందు చూసుకున్నాకే అక్కడికి బయలుదేరండి.

నా సలహా ఏమిటంటే, ఉమ్మడి టికెట్టు కొని ఒక రోజంతా దానికివ్వండి, మరుసటి రోజుకు థియోడోరిక్ సమాధినీ క్లాస్సేనూ పెట్టుకోండి. ఒక్కరోజే ఉంటే ఆర్చిబిషప్పు మ్యూజియం వదిలి థియోడోరిక్ దగ్గరికి వెళ్లండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు రాతి తివాచీల ఇంటికి మెట్లు దిగాలని గుర్తుంచుకోండి.

తిండి గురించి అడిగేవాళ్లకు: అక్కడ ప్రతి వీధిలో పియదీనా దొరుకుతుంది, మందపాటి పుల్కా లాంటి రొట్టె, మధ్యలో జారుగా ఉండే మెత్తటి జున్ను, ఆకుకూర పెట్టి మడిచి ఇస్తారు. శాకాహారులకు కడుపు నిండుతుంది. అయితే పిండిలో సంప్రదాయంగా పందికొవ్వు కలుపుతారు. ఆలివ్ నూనెతో చేసినది ఉందా అని అడిగి తీసుకోండి. చాలా చోట్ల ఉంటుంది, అడగకపోతే మాత్రం ఇవ్వరు.